పెరిగిన జీతం చేతికా, పింఛను ఖాతాకా, అసలు వద్దనడమా: ఏది మేలు?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నలుగురు తెలుగు ఉద్యోగస్థులు కలిసిన చోట, ఇంక్రిమెంట్ల కాలం వచ్చిందంటే తప్పక వినిపించే మాట ఒకటుంది: "జీతం పెరిగితే స్లాబు మారుతుంది, స్లాబు మారితే ఉన్నది కూడా పోతుంది." ఈ మాటలో ముప్పాతిక వంతు అపోహ, పావు వంతు నిజం. ఆ పావు వంతు ఎక్కడుందో తెలియనివారు అక్కరలేని చోట భయపడి, జాగ్రత్తపడవలసిన చోట ఏమరుపాటుగా ఉండిపోతున్నారు.

ముందు అపోహ సంగతి. కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టిన మడుల్లో పై మడి నిండాకనే నీరు కింది మడిలోకి దిగుతుంది. దిగినంత మాత్రాన పై మడిలోని నీరు తగ్గదు. పన్ను స్లాబులూ అంతే. 2025-26 ఆర్థిక సంవత్సరానికి ఆదాయపు పన్ను కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. ఆపైన 8 లక్షల వరకు 5 శాతం, 12 వరకు 10, 16 వరకు 15, 20 వరకు 20, 24 వరకు 25, అది దాటితే 30 శాతం. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 15,80,000 నుంచి 16,40,000కు పెరిగిన వ్యక్తికి 20 శాతం రేటు పడేది 16 లక్షలు దాటిన 40,000 మీదనే. ఆ 60,000 పెరుగుదల మీద పన్ను, పన్ను మీద అదనంగా వేసే 4 శాతం సెస్సుతో కలిపి 11,440 రూపాయలు. మిగిలిన 48,560 చేతికి వస్తుంది. ఇక్కడ ఇంక్రిమెంటు వద్దనుకోవడానికి పన్ను కారణం కానే కాదు.

నిజమున్న పావు వంతు 12 లక్షల గడప దగ్గర ఉంది. ఆ మేరకు ఆదాయమున్నవారికి స్లాబుల ప్రకారం 60,000 పన్ను పడుతుంది గాని, 87ఎ సెక్షను కింద ఇచ్చే రిబేటు (పన్ను తగ్గింపు) దానినంతటినీ మాఫీ చేస్తుంది. జీతగాళ్లకు జీతంలోంచి నేరుగా తీసేసే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది కనుక 12,75,000 జీతం దాకా పన్ను సున్నా. గడప దాటగానే రిబేటు పోతుంది. ఒక్క రూపాయి ఎక్కువైనందుకు 60,000 కట్టవలసి రావడం అన్యాయం కనుక, 12 లక్షలకు పైన ఎంత వచ్చిందో అంతకు మించి పన్ను వేయరాదని చట్టంలో మార్జినల్ రిలీఫ్ అనే ఊరట పెట్టారు. అయితే సెస్సు ఆ ఊరట తర్వాత మిగిలిన పన్ను మీద పడుతుంది. అందువల్ల ఈ ఇరుకు మార్గంలో పెరిగిన ప్రతి రూపాయీ పన్నుకే పోవడమేగాక, రూపాయికి నాలుగు పైసలు సొంత జేబులోంచి కూడా పడతాయి.

12,75,000 జీతమున్న ఉద్యోగికి ఏడాదికి 60,000 పెంచారనుకుందాం. అంతా నగదుగా తీసుకుంటే పన్ను 60,000, సెస్సు 2,400; అంటే నిరుటి కంటే 2,400 తక్కువగా చేతికి వస్తుంది. పెరుగుదల దాదాపు 74,000 చేరేదాకా చేతికి వచ్చేది నిరుటి కంటే తక్కువే. ఆ తర్వాత ప్రతి అదనపు రూపాయిలో 84 పైసలకు పైగా మిగులుతుంది.

అలాగని ఇంక్రిమెంటు వద్దనడం తెలివైన పని కాదు. పెరిగిన బేసిక్ మీదనే పీఎఫ్ జమ, రేపటి గ్రాట్యుటీ, మరుసటి ఏడాది పెరుగుదల ఆధారపడి ఉంటాయి. 2,400 కోసం వాటిని వదులుకోవడం చిల్లర ఏరుకుంటూ మూట జారవిడుచుకోవడమే.

యాజమాన్యం ఒప్పుకుంటే మూడో దారి ఉంది. పెరిగిన 60,000ను యజమాని వాటాగా జాతీయ పింఛను పథకమైన ఎన్‌పీఎస్ ఖాతాలో జమ చేయించుకోవచ్చు. బేసిక్, డీఏల మొత్తంలో 14 శాతం దాకా ఈ జమకు కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షల దగ్గరే ఆగుతుంది, పన్ను సున్నా అవుతుంది, 60,000 చెక్కుచెదరదు. ఆ సొమ్ము చాలావరకు పదవీ విరమణ దాకా కదలదన్నదే చిక్కు. ఇంట్లో పెళ్లి, పిల్లల ఫీజు నెత్తిమీదున్నవారికి అది చిన్న చిక్కు కాదు. అయినా నగదుగా తీసుకుంటే ఎలాగూ మిగలని డబ్బు కనుక, ఈ గడప దగ్గరున్నవారికి ఎన్‌పీఎస్ మేలని నేను సంకోచం లేకుండా చెప్తాను. సగం నగదు, సగం జమ అనే రాజీ మాత్రం ఇక్కడ పనికిరాదు. నగదు సగం మొత్తం పన్నుకే పోతుంది.

పెరుగుదల 1,50,000 అయితే నా తీర్పు మారుతుంది. అంతా నగదైతే పన్ను 85,800 పోగా 64,200 మిగులుతుంది. అందులో 60,000 ఎన్‌పీఎస్‌లో వేయిస్తే ఆదా అయ్యేది 9,360 మాత్రమే, చేతికి వచ్చేది 13,560కి పడిపోతుంది. అంత తక్కువ ఆదా కోసం అంత సొమ్మును బంధించాలా అన్నది ఇంటి అవసరాలను బట్టి తేలాలి.

మినహాయింపులు ఎక్కువగా ఉండే పాత పన్ను విధానానికి వెళ్తే తప్పించుకోవచ్చుననేవారూ ఉన్నారు. 60,000 పెరిగాక వచ్చే 13,35,000 జీతం మీద అక్కడ పన్ను కొత్త విధానంతో సమానం కావాలంటే మినహాయింపులన్నీ కలిపి దాదాపు 6 లక్షలు ఉండాలి. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, పీఎఫ్, జీవిత బీమా వంటి పొదుపులకు 80సి సెక్షను కింద 1,50,000, ఇంటి అప్పు వడ్డీ 2,00,000, ఆరోగ్య బీమా 25,000, వృత్తి పన్ను 2,500 కలిపినా 4,27,500 దాటదు. మన చిన్న ఊళ్ల అద్దెలకు హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కూడా పెద్దగా రాదు.

రాయగడ నుంచి ఆంధ్రలోని పార్వతీపురానికి బదిలీ అయితే పన్ను మారుతుందా అని అడిగేవారికి ఒక మాట: ఆదాయపు పన్ను హద్దుకు ఇటైనా అటైనా ఒకటే. మారేది వృత్తి పన్ను మాత్రమే. ఒడిశాలో ఏడాదికి 2,500, ఆంధ్రలో నెలకు 200 చొప్పున 2,400.

గడప దగ్గరున్నవారు బ్యాంకు డిపాజిట్ల వడ్డీని మరవకూడదు. అదీ ఆదాయంలో కలుస్తుంది. జీతం సరిగ్గా 12,75,000 దగ్గర ఆపుకున్నా, 10,000 వడ్డీ వస్తే 10,400 పన్ను పడుతుంది. చెప్పకపోతే ఆఫీసు ఆ వడ్డీని లెక్కలోకి తీసుకోదు కనుక, ఆ సంగతి రిటర్ను వేసే రోజున గాని బయటపడదు.