గర్భిణికి ఇన్సులిన్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నారా? జాగ్రత్త, గడ్డకట్టిన సీసాలు పంపి "తేటగానే ఉంది కదా, వాడుకోండి" అంటున్నారు

ఏ మందుల యాప్ గురించి రాస్తున్నానో ఇక్కడ చాలామందికి ఇట్టే తెలిసిపోతుంది. అనుకోకుండా నెల తప్పిన మనిషి, టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవక రోజూ సూదితో వేసుకోవాల్సిన రకం. డాక్టర్ డోసు మార్చారు, ఇన్సులిన్ మూడు సీసాలు ఆర్డర్ పెట్టాం. రెండు తెల్లగా మబ్బుగా ఉండే ఎన్‌పీహెచ్ రకం (మెల్లగా ఎక్కువసేపు పనిచేసేది), ఒకటి తేటగా ఉండే రెగ్యులర్ రకం (త్వరగా పనిచేసేది). మర్నాటికే వచ్చాయి. ఎలా వచ్చాయో చూడండి.

థర్మోకోల్ పెట్టెలో రాయిలా బిగిసిన ఐస్ జెల్ ప్యాక్, దాని ఒంటికే సీసాలు ఆనించి టేపు చుట్టారు. మధ్యలో అట్టముక్క లేదు, బబుల్ కవర్ లేదు. ఇన్సులిన్‌కి కావాల్సింది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన జెల్ ప్యాక్ సున్నాకి బాగా కింద ఉంటుంది. దానికి ఆనుకున్న సీసా గడ్డకడుతుంది, దారిలో మళ్లీ కరుగుతుంది. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా ఇక పనికిరాదు, పారేయాల్సిందే. అందుకే ఫ్రిజ్‌లో కూడా ఫ్రీజర్ గోడకి దగ్గరగా పెట్టొద్దంటారు.

మబ్బు సీసాని అరచేతుల మధ్య పదిసార్లు మెల్లగా దొర్లిస్తే పాలలా ఒకే రీతిగా కలవాలి. ఇది కలవలేదు. గాజు లోపలి వైపు మంచు పట్టినట్టు తెల్లటి పొర అతుక్కుపోయి ఉంది, ద్రవంలో రవ్వలు తేలుతున్నాయి. రెండో సీసా కూడా అంతే. ఇలాంటి దాంట్లోంచి తీస్తే ఒక సూదిలో మందు ఎక్కువ పడుతుంది, ఇంకో సూదిలో తక్కువ పడుతుంది. అంటే పొద్దున షుగర్ 300 చూపించి, రాత్రి నిద్రలో 50కి పడిపోవచ్చు. గర్భం మొదటి మూడు నెలల్లో షుగర్ పడిపోవడం మామూలుగానే ఎక్కువ, పడిపోతున్న గుర్తులు కూడా ముందులా తెలియకపోవచ్చు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫొటోలు పంపాం. అతను అన్న మాట ఇది: "తేట సీసాలో రంగు మారలేదు కదా మేడమ్, అది బాగానే ఉంది. తెల్లవి బాగా ఊపి వాడండి. ఇన్సులిన్ రిటర్న్ తీసుకోం." గర్భిణికి అని చెబితే గొంతు మార్చాడు. "ప్లాన్ చేసుకోకుండా కడుపు తెచ్చుకుని చివరి నిమిషంలో ఆర్డర్ పెడితే మేమేం చేస్తాం?"

ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు. నెల తప్పిందని తెలిసేసరికే లెక్క ప్రకారం నాలుగైదు వారాలు అయిపోతాయి. బిడ్డ వెన్నెముక, మెదడు తయారయ్యే నాళం ఆరో వారానికల్లా మూసుకుంటుంది. గుండె కూడా అప్పుడే రూపు కడుతుంటుంది. షుగర్ అదుపులో ఉండి తీరాల్సిన రోజులు సరిగ్గా అవే. ఆ వారంలోనే కొలెస్ట్రాల్ మాత్ర ఆపించాలి, కొన్ని రకాల బీపీ మాత్రలు మార్పించాలి, షుగర్ ఉన్నవాళ్లకి చాలామంది డాక్టర్లు రాసే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. ఇన్ని పరుగుల మధ్య ఒక్క పూట కూడా ఆగనిది ఇన్సులిన్. అనుకోకుండా వచ్చిన కడుపుకి చివరి నిమిషం కాక వేరే నిమిషం ఎక్కడుంటుంది? డబ్బు తీసుకున్నవాడు అడగాల్సిన ప్రశ్నేనా అది?

అతను చెప్పిన వైద్యం కూడా తప్పే. తేట ఇన్సులిన్ చలికీ వేడికీ దెబ్బతిన్నా చూపుకి తేటగానే ఉండొచ్చు. మబ్బేస్తే పాడైందని ఖాయం, తేటగా ఉంటే బాగుందని కాదు. ఇంట్లో పరీక్షించే దారి లేదు. సూది వేసుకున్నాక షుగర్ దిగకపోతేనే తెలుస్తుంది. అదీ ఎలా తెలుస్తుంది? వాంతులతో. ఇన్సులిన్ పనిచేయక రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) పెరిగినా వాంతులే, వేవిళ్లైనా వాంతులే. ఇంట్లో అందరూ వేవిళ్లనే అనుకుంటారు. పైగా గర్భిణుల్లో షుగర్ 200 దాటకుండానే కీటోన్లు ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. అది తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొచ్చే స్థితి. వాంతులు ఆగకపోతే మీటర్‌లో షుగర్ ఎంతున్నా సరే, కీటోన్ స్ట్రిప్ పెట్టి చూడాలి. కీటోన్లు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

ఉచితమంటూ వేసిన సిరంజిలు మరో ముప్పు. సీసాల మీద మిల్లీలీటరుకి 40 యూనిట్లని ఉంది, సిరంజిలు మిల్లీలీటరుకి 100 యూనిట్లుండే సీసాల కోసం గీతలు గీసినవి. 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. తిరగేసి 100 సీసాకి 40 సిరంజి వాడితే అదే 20 గీతకి 50 యూనిట్లు పోతాయి. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటే అయి ఉండాలి.

మూడు నెలల ప్యాక్ అయితే తగ్గింపు అని మెసేజ్‌లు పంపుతూనే ఉన్నారు. దానికి పడొద్దు. గర్భంలో డోసు ఒకచోట నిలవదు. తొమ్మిదో వారం నుంచి పదహారో వారం మధ్య కొందరికి తగ్గుతుంది, ఆ తర్వాత పెరుగుతూ పోయి ఏడెనిమిది నెలలకి రెట్టింపు కూడా అవుతుంది. కాన్పై మాయ పడగానే ఒక్కసారిగా పడిపోతుంది. బాలింతకి గర్భానికి ముందు వేసుకున్నంత కూడా అవసరం పడకపోవచ్చు, పాలిచ్చేటప్పుడు ఇంకా తగ్గవచ్చు. పురుటికి ముందు రాసిన డోసునే పురుడయ్యాక వేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. తెరిచిన సీసా చాలా రకాలకి 28 రోజులే, కాబట్టి నెలకి సరిపడా, పైన ఒక్క సీసా అదనంగా ఉంచుకుంటే చాలు.

మా తప్పు కూడా ఉంది. తెచ్చినతను గుమ్మంలో ఉండగానే పెట్టె తెరవలేదు, వీడియో తీయలేదు. "తెరిచాక మేం బాధ్యులం కాదు" అనే మాట వాళ్లకి మేమే అందించాం.

తప్పక తెప్పించాల్సి వస్తే పెట్టె అతని ముందే తెరవండి. జెల్ ప్యాక్ సీసాకి తగులుతున్నా, పూర్తిగా కరిగి వెచ్చబడినా తీసుకోకండి. వీలైతే ఫ్రిజ్‌లోంచి మీ కళ్లముందు తీసిచ్చే షాపులోనే కొనండి. వేరే సీసా దొరికేదాకా అనుమానమున్నది వాడకుండా, మీ డాక్టర్‌కి అప్పుడే ఫోన్ చేసి ఏం వేసుకోవాలో అడగండి.