కుక్కని ఇంటిపట్టున ఉంచాలంటే షాక్ కాలరా, గొలుసా, జాలీ కంచా: ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర మా బావది ఎకరం కొబ్బరితోట, అందులోనే ఇల్లు. కుక్క రోడ్డెక్కకుండా ఏం చేద్దామని అడిగితే మొదట నేనే షాక్ కాలర్ కొనమన్నాను. ఎందుకంటే నలుచదరం ఎకరమైనా చుట్టుకొలత దాదాపు 835 అడుగులు, అంత పొడవునా స్తంభాలు పాతి జాలీ లాగాలంటే మాటలు కాదు. ఆర్నెల్లు దగ్గరుండి చూశాక నా మాట మార్చుకున్నాను.

షాక్ కాలర్ అంటే హద్దు దాటబోతే కుక్కకి షాక్ కొట్టే మెడపట్టీ. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి పూర్తిగా వైర్‌లెస్. ఇంట్లో పెట్టిన పెట్టె చుట్టూ గుండ్రంగా సిగ్నల్ పంపుతుంది, మామూలు మోడళ్ళలో 90 అడుగుల దాకా. అంచుకి వస్తే మెడపట్టీ కూస్తుంది, అయినా ముందుకెళ్తే రెండు ఇనుప మొనల నుంచి షాక్ తగులుతుంది. రెండో రకంలో హద్దు వెంబడి సన్న తీగ పాతి ఇంట్లో పెట్టెకి కలుపుతారు, కాబట్టి స్థలం ఏ ఆకారంలో ఉన్నా కుదురుతుంది. మన శ్రీకాకుళం పల్లెల్లో ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని వరసగా ఉంటాయి కదా, ముందు అరుగు, వెనక పొడుగ్గా పెరడు. అక్కడ గుండ్రటి కంచె పెడితే సగం పక్కింట్లోనూ మిగతాది వీధిలోనూ పడుతుంది. కాబట్టి వీధిలో ఇల్లున్నవాళ్ళు వైర్‌లెస్ రకం జోలికి పోవద్దు.

బావ తీగ రకం వేయించాడు. నిజానికి మొదట్లో బాగానే పనిచేసింది, కాదనను. హద్దు పొడవునా చిన్న జెండాలు పాతి, రెండు వారాల పాటు కుక్కని తాడుతో తిప్పుతూ, కూత వినగానే వెనక్కి లాగుతూ నేర్పించాలి. బావ అంతా ఓపిగ్గా చేశాడు. కానీ ఆ తర్వాత వాళ్ళ కుక్క టామీ నిలబడే తీరు చూస్తే నాకు కడుపులో దేవినట్టయ్యేది. గీతకి పది అడుగుల ఇవతలే ఆగిపోయి, ముందుకాలు ఒకటి పైకెత్తి, చెవులు వెనక్కి వాల్చి, రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయేది. ఒకరోజు నేను ఆ మొనలు అరచేతికి ఆనించుకుని, అన్నిటికన్నా తక్కువ స్థాయిలోనే పెట్టి చూశాను. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. కుక్క మెడకి అది రోజంతా ఉంటుంది!

తర్వాత ఒకనాడు మేకల మంద వెళ్తోంది. టామీ ఉరికిన ఉరుకులో కుయ్యిమంటూనే గీత దాటేసింది. మేకలు వెళ్ళిపోయాయి, ఇంటికి రావాలి, రాబోతే మళ్ళీ కూత. సాయంత్రం దాకా అవతల గట్టు మీదే కూర్చుంది, మా అప్ప, అంటే అక్క, వెళ్ళి కాలర్ విప్పి ఎత్తుకొచ్చేదాకా కదల్లేదు. ఇంకోసారి కొబ్బరి పాదులు తవ్వుతుంటే పార తగిలి తీగ తెగింది. పెట్టె అరుస్తూనే ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. పైగా ఆ పెట్టె నడిచేది కరెంటు మీద. ఇక కరెంటు సంగతి తెలిసిందే, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా ఉద్దానం ప్రాంతం రోజుల తరబడి చీకట్లో ఉంది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇంకోటి. షాక్ తగిలిన క్షణంలో కుక్క కంటికి ఎవరు కనిపిస్తే, నొప్పి వాళ్ళ వల్లే అనుకోవచ్చు. ఇలాంటి కంచెల దగ్గర మనుషుల మీద కుక్కలు దాడిచేసిన ఐదు కేసుల గురించి అమెరికాలో జంతువుల ప్రవర్తన నిపుణుడు రిచర్డ్ పోల్‌స్కీ 2000లోనే రాశాడు. మన గేటు ముందు నుంచి రోజూ బడికెళ్ళే పిల్లల్ని తలుచుకోండి. వేల్స్ దేశం 2010లోనే కుక్కలకీ పిల్లులకీ షాక్ కాలర్లు నిషేధించింది.

పైగా ఆ కంచె ఉందని తెలిసేది మీ కుక్కకి ఒక్కదానికే. వీధికుక్క లోపలికి రావచ్చు, రేబిస్ ఉన్నదీ రావచ్చు, ఉద్దానం జీడితోటల వైపు ఎలుగుబంటే రావచ్చు. మనది మాత్రం గీత దగ్గర భయంతో ఇరుక్కుపోతుంది. ఏ కంచె ఉన్నా ఏటా రేబిస్ టీకా మానొద్దు.

మరి గొలుసు? ఖర్చు లేదు, అందుకే అందరూ వేస్తారు. రోజంతా కట్టేస్తే కుక్క చిరాకు పడి కరిచే రకంగా తయారవుతుంది. పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేయడం, కట్టేసిన కుక్కని తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం నేరం కూడా. తప్పనిసరైతే రెండు కొబ్బరిచెట్ల మధ్య ఎత్తుగా తీగ లాగి, దానికి రింగు వేసి గొలుసు తగిలించండి, అటూ ఇటూ తిరుగుతుంది. తీగకి రెండు చివర్లా ముడి ఉండాలి, లేకపోతే చెట్టుకి చుట్టుకుంటుంది. అదీ గంటా రెండు గంటలకే, మీరు ఇంట్లో ఉన్నప్పుడే.

నా ఓటు జాలీకే, కానీ ఎకరమంతా కాదు. ఇంటి వెనక 30 అడుగులకి 40 అడుగులు చాలు, చుట్టుకొలత 140 అడుగులే. అడుగున జానెడు లోతు పాతాలి, లేకపోతే తవ్వుకుని పోతుంది. నీడకి ఒక చెట్టు, నీళ్ళకి ఒక తొట్టి లోపలే ఉండాలి. అయితే కుక్కని అందులో పడేసి మర్చిపోతే అదీ గొలుసుతో సమానమే. పొద్దున్నా సాయంత్రం చేతిలో తాడుతో తిప్పాల్సిందే, పిలిస్తే వచ్చేలా నేర్పాల్సిందే. జాలీ మీద చెట్టు పడితే తెగిందని కంటికి కనిపిస్తుంది, ఆ పూటకి కుక్కని ఇంట్లో పెట్టుకోవచ్చు.

బావ చివరికి అలాగే కట్టించాడు. కాలర్ తీసేశాక టామీ మెడ మీద మొనలు ఒత్తుకున్నచోట రెండు పుళ్ళున్నాయి, ఉప్పుగాలికీ చెమటకీ మానడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు అవి మానాయి గానీ, పాత గీత ఉన్న చోటికి రాగానే ఇంకా ఆగుతుంది, అప్ప ముందు నడిస్తేనే వెనక వస్తుంది.