పెళ్లిరోజుకు లాంగ్ క్రూయిజ్: ఏ విందుకు డబ్బు పెట్టడం మేలు?

వారం రోజుల క్రూయిజ్‌కి సరిపోయే భోజనాల లెక్క మూడు నాలుగు వారాల ప్రయాణానికి సరిపోదు. తేడా అంతా మెనూలో ఉంది. టికెట్‌లోనే కలిసి ఉండే మెయిన్ డైనింగ్ రూమ్‌లో రాత్రి మెనూ రోజూ మారుతుంది. విడిగా డబ్బు కట్టి వెళ్లే స్పెషాలిటీ రెస్టారెంట్లలో, అది స్టేక్‌హౌస్ కానివ్వండి, ఇటాలియన్ కానివ్వండి, చాలా ఓడల్లో ఎక్కిన రోజున్న మెనూనే దిగే రోజు దాకా ఉంటుంది. మొదటిసారి అబ్బా అనిపించిన స్టేక్ మూడోసారికి మామూలైపోతుంది.

అందుకే మా సలహా ముందే చెప్పేస్తున్నాం. రోజువారీ భోజనానికి మెయిన్ డైనింగ్ రూమ్‌లో మంచి టేబుల్ సంపాదించండి. స్పెషాలిటీ రెస్టారెంట్‌కి ఐదారు రాత్రులకొకసారి వెళ్లండి. పెళ్లిరోజు రాత్రికి మాత్రం విడిగా ఒక ఏర్పాటు చేసుకోండి. రోజూ ఎక్కడైనా తినొచ్చనే అన్‌లిమిటెడ్ ప్యాకేజీ కొద్దిమందికే గిట్టుబాటవుతుంది.

మెయిన్ డైనింగ్ రూమ్: ఫిక్స్‌డ్ టైమా, నచ్చిన టైమా?

ఫిక్స్‌డ్ సీటింగ్ అంటే రోజూ ఒకే టేబుల్, ఒకే వెయిటర్లు, ఒకే వేళ. మొదటి పంక్తి సాయంత్రం ఐదున్నర, ఆరు ప్రాంతంలో, రెండోది ఎనిమిది, ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. రెండో పద్ధతిలో మీకు వీలైన వేళ వెళ్లి, ఖాళీగా ఉన్న టేబుల్ దగ్గర కూర్చుంటారు.

పది రోజులు దాటిన ప్రయాణానికి ఫిక్స్‌డ్ సీటింగే మేలు. మూడో రోజుకల్లా వెయిటర్‌కి మీ కాఫీ ఎలా ఉండాలో, మీలో ఎవరికి ఏది పడదో తెలిసిపోతుంది. గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడనివాళ్లకి, ఎలర్జీలు ఉన్నవాళ్లకి, మాంసం ముట్టనివాళ్లకి ఇది మరీ ముఖ్యం. మర్నాటి మెనూ ముందు రాత్రే తెచ్చి చూపిస్తారు. మీరు ఎంచుకున్నదాన్ని మీకు సరిపడేలా వంటగదిలో విడిగా చేయిస్తారు. రోజుకో కొత్త వెయిటర్ దగ్గర కూర్చుంటే ఈ కథంతా రోజూ మొదటినుంచి చెప్పుకోవాలి.

ఫిక్స్‌డ్‌కి ఉన్న చిక్కల్లా పోర్టు రోజులతోనే. దాదాపు రోజుకో ఊళ్లో ఆగే ప్రయాణంలో టూర్ ముగించుకుని ఐదింటికి ఓడెక్కి, ఐదున్నరకి తయారై టేబుల్ దగ్గర ఉండటం కష్టం. అలాంటి రూట్‌కి రెండో పంక్తి గానీ, నచ్చిన టైమ్ పద్ధతి గానీ తీసుకోండి. సముద్రం మీదే ఎక్కువ రోజులు గడిచే ప్రయాణానికి మొదటి పంక్తి హాయిగా ఉంటుంది. తిన్నాక రాత్రి షో చూసే వ్యవధి కూడా దొరుకుతుంది.

ఇద్దరికే పరిచిన టేబుళ్లు చాలా ఓడల్లో తక్కువే. పైగా పక్క టేబుల్ జానెడు దూరంలో ఉంటుంది. బుక్ చేసేటప్పుడే ఇద్దరి టేబుల్ అడగండి. ఓడెక్కిన మధ్యాహ్నమే డైనింగ్ రూమ్‌కి వెళ్లి మీకు కేటాయించిన టేబుల్ ఎక్కడుందో కళ్లారా చూసుకోండి. వంటగది తలుపు పక్కనో, వెయిటర్లు గిన్నెలు సర్దే బల్ల పక్కనో పడితే ఆ గంటలోనే మార్చమని అడగాలి. మర్నాటికి అందరూ కుదురుకుపోతారు, మార్పు కష్టమవుతుంది.

ఒక్కో భోజనానికి కట్టడమా, ప్యాకేజీనా?

ప్యాకేజీ ధరను ఆ ఓడలోని స్పెషాలిటీ రెస్టారెంట్ల సగటు కవర్ చార్జీతో, అంటే ఒక మనిషి ఒక్క భోజనానికి కట్టే సొమ్ముతో, భాగించండి. వచ్చిన సంఖ్యే మీరు కనీసం వెళ్లాల్సిన రాత్రులు. ప్యాకేజీ ఖరీదు కవర్ చార్జీకి ఆరు రెట్లు, ఓడలో రెస్టారెంట్లు మూడే అనుకోండి. ఒక్కోదానికి రెండుసార్లు వెళ్తే మీ డబ్బు మీకు వచ్చినట్టు, మిగిలిందేమీ లేదు. మూడోసారి వెళ్తేనే లాభం మొదలవుతుంది, కానీ మెనూ అదే.

ఈ లెక్కలో చాలామంది వదిలేసేవి కొన్ని ఉన్నాయి. కవర్ చార్జీ మీద సర్వీస్ చార్జీ మామూలుగా 18 నుంచి 20 శాతం పడుతుంది. ప్యాకేజీ ధరలో అది కలిసిందో లేదో చూడాలి. పెద్ద లాబ్‌స్టర్, వాగ్యూ (ఖరీదైన జపాన్ రకం గొడ్డు మాంసం) లాంటి వాటికి ప్యాకేజీ ఉన్నా అదనంగా కట్టమంటారు. సుషీ బార్ లాగా వంటకానికో ధర ఉండే చోట్ల ప్యాకేజీ ఒక పరిమితి వరకే చెల్లుతుంది. కొద్దిమందికే పెట్టే ప్రత్యేక విందు, షెఫ్స్ టేబుల్, చాలా ప్యాకేజీల్లో ఉండదు. కేబిన్‌లో ఉన్న ఇద్దరూ కొనాల్సిందే అనే షరతు కూడా కొన్ని చోట్ల ఉంటుంది. వీటన్నిటికీ మించి, ప్యాకేజీ కొన్నాక మెయిన్ డైనింగ్ రూమ్‌కి వెళ్లిన ప్రతి రాత్రీ డబ్బు వృథా అయిందే అనిపిస్తుంది. ఫార్మల్ నైట్ నాడు, అంటే అందరూ ముస్తాబై వచ్చే రాత్రి, మెయిన్ డైనింగ్ రూమ్‌లోనే మెనూ బాగుంటుంది, చాలా ఓడలు లాబ్‌స్టర్ వడ్డించేది ఆ రాత్రుల్లో ఒకదాన్లోనే. దాన్ని వదులుకుని స్టేక్‌హౌస్‌లో కూర్చోవడం నష్టం.

అన్‌లిమిటెడ్ ప్యాకేజీ ఎవరికి మేలంటే, ఆరేడు స్పెషాలిటీ రెస్టారెంట్లున్న పెద్ద ఓడలో, సముద్రపు రోజులు ఎక్కువున్న రూట్‌లో వెళ్లేవాళ్లకి. అదైనా ఆ రోజుల్లో మధ్యాహ్న భోజనం కూడా ప్యాకేజీలో ఉంటేనే. మిగతావాళ్లకి మూడు భోజనాల చిన్న ప్యాకేజీ, దొరికితే, అన్నిటికన్నా లాభసాటి. విడివిడిగా కట్టేదానికన్నా తక్కువ పడుతుంది, వారానికొకటి చొప్పున మూడు వారాలకు సరిపోతుంది. అయితే కొన్ని ఓడల్లో చిన్న ప్యాకేజీలో మొదటి భోజనం ఏ రాత్రి, ఎక్కడ అనేది వాళ్లే నిర్ణయిస్తారు. కొనే ముందు అది అడగండి.

రెండు క్రూయిజ్‌లను అతికించి ఒక లాంగ్ క్రూయిజ్‌గా చేసుకునేవాళ్లు మరో సంగతి గమనించాలి. మీకది ఒకటే ప్రయాణం, కంపెనీ లెక్కలో రెండు. ప్యాకేజీ మొదటి భాగంతో ముగిసిపోతుంది. ఫిక్స్‌డ్ టేబుల్ మారవచ్చు. మెయిన్ డైనింగ్ రూమ్ మెనూ కూడా మొదటి రాత్రి నుంచి మళ్లీ తిరగవచ్చు. వరసగా కొత్త మెనూలు కావాలంటే ఒకే టికెట్ మీద అమ్మే పొడవాటి ప్రయాణాన్నే ఎంచుకోండి.

అదనపు చార్జీ లేని కంపెనీలు, కేబిన్‌తో వచ్చే రెస్టారెంట్లు

ఓషియానియా ఓడల్లో స్పెషాలిటీ రెస్టారెంట్లకి అదనంగా కట్టక్కర్లేదు. వైకింగ్ సముద్రపు ఓడల్లో మాన్‌ఫ్రెడీస్ అనే ఇటాలియన్ రెస్టారెంట్, షెఫ్స్ టేబుల్ పేరుతోనే ఉన్న మరో రెస్టారెంట్ రెండూ టికెట్‌లోనే కలిసి ఉంటాయి, ఆ రెండో దాని మెనూ కొద్ది రోజులకోసారి మారుతుంది కూడా. లాంగ్ క్రూయిజ్‌కి ఇది నిజంగా విలువైన సంగతి. టికెట్ ధర ఎక్కువే. కానీ పోల్చేటప్పుడు మామూలు ఓడ టికెట్‌కి వైన్, సర్వీస్ చార్జీలు, ఇంటర్నెట్, స్పెషాలిటీ భోజనాలు కలిపి, రాత్రుల సంఖ్యతో భాగించి చూడండి. ప్రయాణం పొడవయ్యే కొద్దీ తేడా అనుకున్నంత ఉండదు. మామూలు ఓడలో ఇవేవీ వాడని వాళ్లకి మాత్రం తేడా అలాగే ఉంటుంది.

కునార్డ్ కంపెనీ ఓడల్లో క్వీన్స్ గ్రిల్, ప్రిన్సెస్ గ్రిల్ అనే రెస్టారెంట్లు ఆయా స్వీట్లు (ఖరీదైన పెద్ద కేబిన్లు) తీసుకున్నవాళ్లకే. సెలబ్రిటీ కంపెనీ ఓడల్లో లుమినే రెస్టారెంట్ కూడా స్వీట్లలో ఉన్నవాళ్లదే. ఇక్కడ రెస్టారెంట్ కోసమే స్వీట్ తీసుకోవడం మేలా అంటే, వారం ప్రయాణానికి ఆలోచించవచ్చు. నెల రోజుల ప్రయాణంలో ఆ తేడా ముప్ఫై రాత్రులూ కట్టాలి. ఆ సొమ్ముతో మామూలు బాల్కనీ కేబిన్‌లో ఉండి నాలుగైదు గొప్ప విందులు చేసుకోవచ్చు.

పెళ్లిరోజు రాత్రికి: షెఫ్స్ టేబుల్, బాల్కనీ విందు, కిటికీ పక్క టేబుల్

మామూలు ఓడల్లోని షెఫ్స్ టేబుల్ విందులో తిండికి వంక పెట్టలేం. ఏడెనిమిది వంటకాలు ఒకదాని వెనక ఒకటి, ప్రతిదానికీ జతగా వైన్, కొన్ని ఓడల్లో ముందుగా వంటగది చూపించడం. రెండున్నర, మూడు గంటలు పడుతుంది. కానీ అది పదిమంది కొత్తవాళ్లతో ఒకే బల్ల దగ్గర కూర్చునే విందు. మెనూ ముందే ఖాయమై ఉంటుంది, మార్పులకు వీలు తక్కువ. ప్రయాణం మొత్తంలో కొన్ని రాత్రులే పెడతారు, ఏ రాత్రి అనేది మీ చేతిలో ఉండదు. టెప్పన్‌యాకీ కూడా ఇంతే. వేడి పెనం చుట్టూ అందరితో కలిసి కూర్చుని చూసే సందడి. అదే పెనం మీద రొయ్యలు వేగుతాయి కాబట్టి వాటితో ఎలర్జీ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. రెండూ వెళ్లదగ్గవే. పెళ్లిరోజుకు కాదు.

బాల్కనీ విందు మీ కేబిన్ బయటే జరుగుతుంది. ప్రిన్సెస్ ఓడల్లో అల్టిమేట్ బాల్కనీ డైనింగ్ పేరుతో ఉంది, వేరే కంపెనీల్లోనూ రూమ్ సర్వీస్ ద్వారా కుదురుతుంది. అన్నిటికన్నా ఏకాంతం ఇందులోనే. దీన్ని పాడుచేసేది గాలి. ఓడ 20 నాట్ల వేగంతో వెళ్తుంటే గంటకు 37 కిలోమీటర్ల గాలి ఎదురొచ్చినట్టే. ఎదురుగాలి నిజంగానే ఉంటే ఆ రెండూ కలుస్తాయి. నాప్కిన్ నిలవదు, సూప్ నిమిషాల్లో చల్లారిపోతుంది. అందుకని ఓడ రాత్రి పది దాకా పోర్టులోనే ఆగే రోజునో, రాత్రంతా ఆగే రోజునో దీన్ని పెట్టుకోండి. వెనక వైపు బాల్కనీలకు ఎదురుగాలి తగలదు, కాకపోతే ప్రొపెల్లర్ల అదురు కొంత తెలుస్తుంది. మామూలు బాల్కనీ బల్ల రెండు ప్లేట్లకే ఇరుకు. పెద్ద బల్ల తెచ్చి వేస్తారా అని ముందే అడగాలి. నిప్పుతో వెలిగే కొవ్వొత్తులు ఓడలో నిషిద్ధం. బ్యాటరీవి తెచ్చుకోండి.

మూడోది, స్పెషాలిటీ రెస్టారెంట్‌లో కిటికీ పక్క టేబుల్, సూర్యాస్తమయానికి అరగంట ముందు. ఖర్చుకీ ఫలితానికీ చూస్తే మా ఓటు దీనికే. ఉత్తరానికి సాగే ఓడలో సూర్యుడు ఎడమవైపు అస్తమిస్తాడు, దక్షిణానికి సాగే ఓడలో కుడివైపు. బుక్ చేసేటప్పుడు ఏ వైపు కావాలో చెప్పండి. జూన్‌లో నార్వే ఉత్తర కొనకు వెళ్తుంటే సూర్యుడు అస్తమించడు, అక్కడ ఈ హంగామా అక్కర్లేదు. రెస్టారెంట్ ఏ డెక్‌లో ఉందో కూడా చూడండి. ఓడ పక్కలకి ఊగడం పై డెక్కుల్లో ఎక్కువ తెలుస్తుంది. ముందు వెనకలకి ఎగిరిపడటం ముక్కు దగ్గరా, తోక దగ్గరా ఎక్కువ. శీతాకాలపు ఉత్తర అట్లాంటిక్ లాంటి చోట, కడుపులో తిప్పేవాళ్లు, పై అంతస్తులో వెనక్కి ఉన్న రెస్టారెంట్‌కన్నా ఓడ నడుమ, కింది డెక్‌లో ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

తేదీ ఉంటుందో లేదో చూసుకోండి

పసిఫిక్ దాటేవాళ్లు తప్పకుండా చూడాల్సింది ఇదే. అంతర్జాతీయ దినరేఖను పడమటికి దాటితే ఓడ క్యాలెండర్‌లో ఒక తేదీ మాయమవుతుంది. తూర్పుకి దాటితే ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది. మాయమయ్యేది మీ పెళ్లిరోజే అయితే, ఆ తేదీకి బుక్ చేసిన విందు ఏమవుతుందో ఎవరికీ తెలియని గందరగోళం. రూట్ షెడ్యూల్‌లో ఏ తేదీ లేదో ముందే కనిపిస్తుంది. రెండుసార్లు వచ్చే దిశలో వెళ్తుంటే పెళ్లిరోజును రెండు రాత్రులు జరుపుకోవచ్చు, ఒక రాత్రి బాల్కనీలో, ఒక రాత్రి రెస్టారెంట్‌లో.

అట్లాంటిక్ విషయానికొస్తే న్యూయార్క్ నుంచి సౌతాంప్టన్‌కి వెళ్లేటప్పుడు గడియారం ఐదుసార్లు గంట చొప్పున ముందుకు జరుగుతుంది. నిద్ర తగ్గుతూ పోతుంది, ఆకలి కాకముందే భోజనం వేళ వచ్చేస్తుంది. సౌతాంప్టన్ నుంచి వచ్చేటప్పుడు ఆ ఐదు రోజులూ 25 గంటలవి. పెద్ద విందు పెట్టుకునే ప్రయాణానికి పడమటి దిశే మేలు.

ఎప్పుడు ఏం బుక్ చెయ్యాలి

ముందస్తు బుకింగ్ ఆన్‌లైన్‌లో తెరిచిన రోజునే పెళ్లిరోజు రాత్రి టేబుల్ తీసుకోండి. స్వీట్లలో ఉండేవాళ్లకి ముందుగా తెరుస్తారు కాబట్టి కిటికీ టేబుళ్లు త్వరగా అయిపోతాయి. మిగతా స్పెషాలిటీ భోజనాలకు తొందర లేదు. మొదటి రాత్రి, రాత్రంతా పోర్టులో ఆగే రోజులు ఖాళీగా ఉంటాయి, మొదటి రోజు ఓడలో డిస్కౌంట్లు కూడా పెడుతుంటారు. చివరి రాత్రి మాత్రం వద్దు, సామాను సర్ది తలుపు బయట పెట్టే హడావిడి ఉంటుంది.

పెళ్లిరోజు అని ఏజెంట్‌కి చెప్పినంత మాత్రాన ఆ మాట ఓడ దాకా చేరుతుందని నమ్మకండి. మొదటి రోజే డైనింగ్ రూమ్ మేనేజర్‌కి తేదీ, కేబిన్ నంబరు, టేబుల్ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి. వెయిటర్లు చుట్టూ చేరి పాట పాడటం ఇష్టం లేకపోతే అదీ అందులో రాయండి. కేక్ రెండు మూడు రోజుల ముందే చెప్పాలి. వైన్ సీసా మిగిలితే కేబిన్ నంబరు రాసి దాచి, మర్నాడు మెయిన్ డైనింగ్ రూమ్‌కి తెచ్చిస్తారు, కాబట్టి గ్లాసుల లెక్కన కాకుండా సీసా తీసుకోవడమే నయం. వికారానికి వేసుకునే మాత్రల్లో చాలావరకు మగత తెస్తాయి. అవి వేసుకున్న రాత్రి వైన్ మానెయ్యాలి.

రద్దు గడువు చాలా చోట్ల 24 గంటలు. అది దాటితే పూర్తి కవర్ చార్జీ పడుతుంది. అందుకే పెళ్లిరోజు ముందు రోజు మధ్యాహ్నం కెప్టెన్ మైకులో చెప్పే వాతావరణం శ్రద్ధగా వినండి. అలలు పెద్దవి ఉంటాయన్నా, పోర్టు రద్దయిందన్నా అప్పుడే రిసెప్షన్‌కి ఫోన్ చేసి బాల్కనీ విందును మరో రోజుకి మార్చి, ఆ రాత్రికి కింది డెక్‌లో ఒక టేబుల్ అడగండి.