స్ట్రైకర్ పిస్టల్: తీసేటప్పుడు ధైర్యం, తిరిగి ఒరలో పెట్టేటప్పుడు టెన్షన్

పిస్టల్ బరువెంత, మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు పడతాయి, పిడి చేతికి ఎలా ఉంటుంది లాంటివన్నీ పెట్టె మీదే రాసి ఉంటాయి. వాటి జోలికి పోను. నేను కొన్నేళ్లుగా నడుముకు కట్టుకుంటున్న స్ట్రైకర్ పిస్టల్ ఇది. గురి బాగుంది, మన్నిక బాగుంది. నాకు దీని మీద కోపం వచ్చే చోటు ఒక్కటే: కాల్చడం అయిపోయాక తిరిగి హోల్‌స్టర్‌లోకి దింపే ఆ రెండు సెకన్లు. ఆ కోపాన్ని చాలావరకు చల్లార్చిన ఒక చిన్న లోహపు పలక గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

బయట సుత్తి ఉన్న పాత తరహా పిస్టళ్లు వాడినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఒరలో పెట్టేటప్పుడు బొటనవేలిని సుత్తి మీద ఆనించి దింపుతారు. చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్‌కి తగులుకుంటే సుత్తి వెనక్కి లేవబోతుంది, వేలికి తెలిసిపోతుంది, చెయ్యి ఆగిపోతుంది. స్ట్రైకర్ పిస్టల్‌లో ఆ సుత్తి లేదు. స్ప్రింగు బలంతో నడిచే సూది, అంటే స్ట్రైకర్, స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లోపలే ముందుకీ వెనక్కీ కదులుతుంది. ట్రిగ్గర్ సగం నొక్కుకుపోయినా పట్టుకున్నవాడికి ఏమీ తెలియదు.

1982లో ఆస్ట్రియా సైన్యం గ్లాక్ 17 అనే స్ట్రైకర్ పిస్టల్‌ని ఎంచుకున్నాక మిగతా కంపెనీలు చాలావరకు అదే బాట పట్టాయి. బొటనవేలితో తిప్పే సేఫ్టీ మీట ఉండదు. లోపల మూడు అడ్డంకులు ఉంటాయి, ట్రిగ్గర్ నొక్కుతుంటే ఒకదాని తర్వాత ఒకటి తొలగిపోతాయి. కిందపడినా, గట్టిగా కుదిపినా పేలకుండా కాపాడేవి అవే. ట్రిగ్గర్ ముఖాన కనిపించే ఆ చిన్న మీట కూడా అందులో భాగమే. అయితే ట్రిగ్గర్‌ని ఎదురుగా ఏదైనా నొక్కిందంటే దానికి వేలూ ఒకటే, చొక్కా అంచూ ఒకటే. పైగా ఈ తరహా ట్రిగ్గర్‌కి సుమారు రెండున్నర కిలోల బలం, 12 మిల్లీమీటర్ల చిల్లర కదలిక చాలు. సుత్తి దించి ఉన్న డబుల్ యాక్షన్ పిస్టల్‌లో, అంటే ట్రిగ్గరే సుత్తిని లేపి వదిలే రకంలో, మొదటి తూటాకి దాదాపు దానికి రెట్టింపు బలంతో, ఇంకా పొడుగ్గా లాగాలి. పొరపాటున ఏదైనా తగులుకుంటే ఆ తేడాయే మనకు దొరికే వ్యవధి.

కొన్న కొత్తలో అడిగినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని తీసుకో" అని చెప్పేవాణ్ని. ప్రతిసారీ ట్రిగ్గర్ ఒకేలా ఉంటుంది, భయంలో మీట తిప్పడం మర్చిపోయే ప్రమాదం లేదు, విప్పి శుభ్రం చేయడం సులువు. ఇవన్నీ ఇప్పటికీ నిజమే. "అందరికీ" అన్న మాట మాత్రం ఈమధ్య వాడటం లేదు.

ఇక పలక సంగతి. స్లైడ్ వెనక ఉండే మూతను తీసేసి దాని స్థానంలో అమర్చే పలక ఇది, కీలు మీద కదులుతుంది. ట్రిగ్గర్ నొక్కుతుంటే లోపల స్ట్రైకర్ వెనక్కి జరుగుతుంది కదా, ఆ జరుగుడుతో పలక కొద్దిగా వెనక్కి లేస్తుంది. ఒరలో పెట్టేటప్పుడు బొటనవేలు దాని మీద ఉంచితే చాలు. లోపల ఏదైనా ట్రిగ్గర్‌ని కదిపితే పలక వేలిని తోస్తుంది. వేలితో గట్టిగా అదిమిపట్టుకుంటే స్ట్రైకర్ వెనక్కి రాలేదు కాబట్టి ట్రిగ్గర్ కూడా కదలదు. పాత సుత్తి చేసిన పనే. కాల్చేటప్పుడు మామూలు పట్టులో బొటనవేలు అక్కడ ఉండదు, కనుక అడ్డమేమీ కాదు.

బిగించినప్పుడు పెద్దగా నమ్మకం లేదు. ఇలాంటి అదనపు సామాను చాలావరకు అమ్ముకునేవాళ్ల కోసమే ఉంటుందని నా అనుమానం, ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఒకరోజు రేంజ్‌లో ఒరలోంచి తీయడం, రెండు తూటాలు కాల్చడం, మళ్లీ పెట్టడం సాధన చేస్తున్నాం. అప్పుడు నా దగ్గర ఉన్నది తోలు హోల్‌స్టర్, పిస్టల్ జారిపోకుండా పైన ఒక పట్టీ, దానికి నొక్కుడు గుండీ. కొత్తలో ఆ పట్టీ బిరుసుగా ఉండేది, గుండీ ఊడదీస్తే పక్కకి నిలబడేది. వాడుతూ వాడుతూ తోలు మెత్తబడి వేలాడటం మొదలైంది. ఎంత నెమ్మదిగా మెత్తబడిందంటే ఏ రోజుకారోజు చూస్తే తేడా కనిపించదు.

ఆ రోజు పిస్టల్‌ని దింపుతుంటే సగంలో బొటనవేలి కింద పలక లేచింది. నొక్కినట్టు కూడా కాదు, గిల్లినట్టు అనిపించిందంతే. చెయ్యి ఆగిపోయింది. పలకను అదిమిపట్టే పిస్టల్‌ని నిటారుగా పైకి లాగి, గొట్టం బోర్డు వైపు తిప్పి, మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే గది) ఖాళీ చేసి అప్పుడు కిందకి చూశాను. పట్టీ మడత పడి హోల్‌స్టర్ నోట్లోకి జారింది. దాని కొస సరిగ్గా ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) దిగే చోట ఉంది, ట్రిగ్గర్ అంచు మీద గుండీ గీసిన కొత్త గీత కూడా కనిపించింది. ఇంకో అంగుళం దింపి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. నడుము పక్కన కట్టుకుంటే గొట్టం తొడ పక్కనుంచి కిందకి చూస్తుంటుంది.

రేంజ్ మాస్టర్ ఏమీ అనలేదు. హోల్‌స్టర్ నా చేతిలోంచి తీసుకుని వరుసలో ఉన్న అందరికీ చూపించాడు, ఇద్దరు తమవి విప్పి పక్కన పెట్టేశారు. హోల్‌స్టర్ చేసినవాళ్లకు ఫొటోలతో రాశాను. "వాడకంలో సహజంగా వచ్చే అరుగుదల" అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. అరుగుదల సహజమే బాబూ, అరిగాక ట్రిగ్గర్ మీదకి వచ్చి పడే చోట పట్టీ పెట్టడం ఏం సహజం? అప్పటి నుంచి నాది కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన హోల్‌స్టర్. ట్రిగ్గర్ గార్డ్ పూర్తిగా కప్పి ఉంటుంది, నోరు ముడుచుకుపోదు, పైన పట్టీ లేదు.

దీన్ని బట్టి కొనేవాళ్లు చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. స్ట్రైకర్ పిస్టళ్లన్నీ ఒకే రకం కాదు. కొన్నింటిలో స్లైడ్ వెనక్కి వచ్చి మూసుకున్నాక స్ట్రైకర్ స్ప్రింగు కొంతే బిగిసి ఉంటుంది, మిగతా బిగింపు ట్రిగ్గరే పూర్తి చేస్తుంది. సగం లాగిన విల్లు అనుకోండి. నాది ఆ రకం. ఇంకొన్నింటిలో స్ప్రింగు ముందే పూర్తిగా బిగిసి ఉంటుంది, ట్రిగ్గర్ చేసేది వదలడమే. వాటి ట్రిగ్గర్ తేలిగ్గా, హాయిగా ఉంటుంది, షాపులో ఒకసారి నొక్కి చూస్తే మనసు అటే పోతుంది. కానీ వాటిలో ట్రిగ్గర్‌తో పాటు స్ట్రైకర్ వెనక్కి జరగదు కాబట్టి ఈ పలక పనిచేయదు. అలాంటిది నచ్చితే బొటనవేలి సేఫ్టీ ఉన్న మోడల్ అడగండి, చాలా కంపెనీలు రెండు రకాలూ చేస్తున్నాయి.

కిందపడితే పేలుతుందా అని అందరూ మొదట అడుగుతారు. నాది రెండు మూడుసార్లు కిందపడింది, ఏమీ కాలేదు, అయితే దాన్ని రుజువు అనుకోను. సిగ్ సావర్ కంపెనీ చేసిన పీ320 అనే స్ట్రైకర్ పిస్టల్ సంగతి చూడండి. 2017 జనవరిలో అమెరికా సైన్యం ఆ రకాన్ని ఎంచుకుంది. అదే ఏడాది ఆగస్టులో, పౌరులకు అమ్మిన పిస్టల్ స్లైడ్ వెనక భాగం ఒక కోణంలో నేలకి తగిలేలా పడితే పేలగలదని బయటపడింది, కంపెనీ ఉచితంగా భాగాలు మార్చి ఇస్తామంది. ట్రిగ్గర్ తన బరువు ఊపుకే వెనక్కి జరగడం అందులో ముఖ్య కారణం, అందుకే తేలికైన ట్రిగ్గర్ పెట్టారు. అప్పటికే అది మామూలు పరీక్షలు పాసైన పిస్టల్. ఆ పరీక్షల్లో పడేసే కోణాల జాబితాలో ఈ కోణం లేదు, అంతే. కాబట్టి పాతది కొనేవాళ్లు ఆ మార్పు జరిగిందో లేదో సీరియల్ నంబర్‌తో కంపెనీనే అడగాలి, అమ్మేవాడి మాట చాలదు.

నా వరకు చేసే తనిఖీ చిన్నది. ఖాళీ అని కంటితో, వేలితో చూసుకుని, స్లైడ్ విప్పి, స్ట్రైకర్ వెనక భాగాన్ని ముందుకు తోస్తే సూది మొన బయటకు రాకూడదు. అడుగున ఉన్న చిన్న గుండీని నొక్కిపట్టి తోస్తేనే రావాలి. గుండీ నొక్కకుండానే వచ్చిందంటే ఆ అడ్డంకి పనిచేయడం లేదన్నమాట, అలాంటిదాన్ని మెకానిక్ చూసేదాకా లోడ్ చేయకూడదు. ఇది నా పిస్టల్ తరహావాటికి, మీ దానికి మీ పుస్తకం చూడండి.

నమ్మకం గురించి. "ఎప్పుడూ ఆగలేదు" అని చెప్పుకునేవాణ్ని, ఇప్పుడు చిన్న సవరణ. ఒక దశలో ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మని ఊరుకోవడం మొదలైంది. తూటా తీసి చూస్తే ప్రైమర్ (తూటా అడుగున సూది తగిలి నిప్పు పుట్టించే చోటు) మీద లోతు లేని గుంట. ఒక బ్రాండ్ తూటాలతో ఎక్కువ, మిగతావాటితో అరుదు, కాబట్టి ముందు తూటాలనే అనుమానించాను. తీరా విప్పితే స్ట్రైకర్ నడిచే గొట్టం నిండా నూనె, అందులో ఇత్తడి పొడి కలిసి జిగురు ముద్ద. అంతకుముందు సర్వీసుకి ఇచ్చిన చోట మిగతా భాగాలతో పాటు అక్కడా నూనె దట్టంగా పోశారు. ఆ గొట్టం పొడిగా ఉండాలని పిస్టల్‌తో వచ్చిన పుస్తకమే చెబుతోంది! శుభ్రం చేసి ఆరబెట్టాక సమస్య పోయింది. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఆ క్లిక్ వినాలని ఎవరూ కోరుకోరు. రేంజ్‌లో అయితే క్లిక్ మన్నాక గొట్టం బోర్డు వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

ఇంకోటి, పలక గొడవలో పడి దీన్ని వదిలేయకండి. రోజూ రాత్రి ఖాళీ చేసి పొద్దున అదే తూటాను మళ్లీ మళ్లీ ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంటే సీసం భాగం డొప్పలోకి కొంచెం కొంచెం కుంగుతుంది, పేలినప్పుడు లోపలి పీడనం పెరుగుతుంది. పక్కన కొత్త తూటా పెట్టి ఎత్తు పోల్చండి. పొట్టిగా కనిపిస్తే పక్కన పడేయండి.

మొత్తం మీద ఉంచుకుంటానా? ఉంచుకుంటాను. నేను నడుము పక్కన కట్టుకుంటాను, సాధన మానను, ఇంట్లో చిన్నపిల్లలు లేరు, విప్పగానే పిస్టల్ తాళం పెట్టెలోకి పోతుంది. నాది విప్పడానికి ట్రిగ్గర్ నొక్కాల్సిన రకం, ఆ ఒక్క పనీ పక్కనెవరూ లేనప్పుడే చేస్తాను. వీటిలో ఏ రెండు మీకు వర్తించకపోయినా నా అభిప్రాయం మీకు అంతగా పనికిరాదు. పొట్ట ముందు దోపుకునేవాళ్లకైతే గొట్టం ఎటు చూస్తుందో వేరే చెప్పక్కర్లేదు, వాళ్లు సుత్తి ఉన్నదో, బొటనవేలి సేఫ్టీ ఉన్నదో చూసుకోవడమే నయమని నా లెక్క. నాతో సాధన చేసే స్నేహితుడు దీనికి ఒప్పుకోడు. "వేలు ట్రిగ్గర్ మీద లేకపోతే చాలు, నీ పలక దండగ" అంటాడు. ఆ మాట అన్న వారంలోనే తన తోలు హోల్‌స్టర్ మార్చేశాడు, పలక మాత్రం ఇంకా కొనలేదు.