తలుపు గడియ పెట్టి చూడాల్సిన మూడు నిమిషాలు: ‘టచ్ ఆఫ్ ఈవిల్’ బ్లూ-రే

ముప్పై ఏళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశాను. కేబిన్ కన్నంలోంచి రోజూ చూసేవాణ్ణి: టైటిల్స్ పడుతున్నంతసేపూ జనం బొమ్మ చూడరు. సీట్లు వెతుక్కుంటారు, పిల్లల్ని ఒళ్లో సర్దుకుంటారు, తలుపు తెరిచినప్పుడల్లా తెర మీద వెలుతురు పడుతుంది. మా అబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ తెచ్చిన ఈ డిస్కు వేసుకున్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

హాలీవుడ్ దర్శకుడు ఆర్సన్ వెల్స్ తీసిన సినిమా ఇది, 1958లో వచ్చింది. సినిమా తీయించిన యూనివర్సల్ స్టూడియో వాళ్ల ఈ బ్లూ-రేలో మూడు రూపాలున్నాయి: హాళ్లలో ఆడింది, విడుదలకు ముందు ప్రివ్యూ వేసింది, 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ తిరిగి కూర్చింది. మొదటిదీ చివరిదీ ఒకదాని తర్వాత ఒకటి, మొదటి షాటు వరకే, ఆరేడుసార్లు చూశాను.

మూడు నిమిషాలకు పైగా సాగే షాటు, ఎక్కడా కట్ లేదు. ఒక చెయ్యి టైం బాంబు ముల్లు తిప్పుతుంది. ఆ మనిషి గోడ వెంట నీడలా పరిగెత్తి, ఓ కారు డిక్కీలో దాన్ని పెట్టేసి మాయమవుతాడు. ఒక పెద్దమనిషి, ఒక అమ్మాయి వచ్చి కారెక్కుతారు. క్రేను మీది కెమెరా కప్పుల మీదుగా లేచి వీధిలోకి దిగుతుంది. పోలీసు చెయ్యెత్తితే కారు ఆగుతుంది, మేకలు అడ్డం వస్తాయి. కొత్తగా పెళ్లయిన జంట నడుస్తూ కారు పక్కకే వస్తారు, ముందుకు పోతారు, కారు మళ్లీ వాళ్లను అందుకుంటుంది. బాంబు ఎవరు పెట్టారో, ఎందుకో మనకు తెలీదు. ఉందని మాత్రం ఆ వీధి మొత్తానికీ మనకే తెలుసు. మెక్సికో-అమెరికా సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర కార్లోని అమ్మాయి తన తలలో ఏదో టిక్‌టిక్‌మంటోందని చెబుతుంది. ఎవరూ పట్టించుకోరు. అక్కడ నా చేతులు చల్లబడ్డాయి.

1958 ప్రింటులో ఈ షాటు మీదే పేర్లు పడతాయి, హెన్రీ మాన్సిని సంగీతం మోగుతుంది. సంగీతం గొప్పదే. కానీ అక్షరం కనిపిస్తే కన్ను అటే పోతుంది, ఈలోగా కారు జారిపోతుంది. స్టూడియో సినిమాను తన చేతుల్లోంచి తీసుకున్నాక ఏమేం మార్చాలో చెబుతూ వెల్స్ వాళ్లకు 58 పేజీల మెమో రాశాడు. డిస్కుతో పాటు దాన్ని పుస్తకంగా ఇచ్చారు. అందులో కోరినట్టే మర్చ్ పేర్లన్నీ తీసేసి, మాన్సిని సంగీతానికి బదులు ఆ వీధి చప్పుళ్లు పెట్టాడు. ఒక్కో క్లబ్బు గుమ్మం దాటుతుంటే ఒక్కో పాట వినబడుతుంది. వాటి మధ్య కారు రేడియో. కారు తెర మీద లేనప్పుడు కూడా రేడియో పాట దగ్గరవుతుంటే చెవికి తెలిసిపోతుంది. అప్పుడు మొదలవుతుంది గుండెదడ. వంటింట్లోంచి మా ఆవిడ, ‘ఎక్కడండీ జాతర?’ అని వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ పేలేదాకా నిలబడిపోయింది. పాత ప్రింటు వేసినప్పుడు ఇటు తొంగి కూడా చూడలేదు.

తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఆ లోటు పెద్దదే. మెమో ఇంగ్లీషు కూడా నాకు నిదానంగా చదివితేనే అందింది. అయినా దాన్ని చదివాకే మిగతా సినిమా చూడండి.

వేసవి సెలవులకు మనవడు వస్తాడు. వాడికి ముందు 1998 రూపమే వేస్తాను. లైట్లు ఆర్పి, తలుపు గడియ పెట్టి, వాడు కుదురుగా కూర్చున్నాకే.