నాల్కోనా, హిందాల్కోనా: ఏది మేలు?

పాత సామాన్లు కొనేవాడు వీధిలోకి వస్తే ఇనుముది ఒక తూకం, సిల్వర్‌ది ఒక తూకం. సొట్టలు పడ్డ గిన్నె, చిల్లుపడ్డ ఇడ్లీ రేకు, పిడి ఊడిన కుక్కరు అన్నీ సిల్వర్ లెక్కలోకే పోతాయి. వాటిలో వెండి రవ్వంత కూడా ఉండదు, అంతా అల్యూమినియమే. అయినా ఇనుముకంటే ఎక్కువ ధర పలుకుతుంది. ఎందుకంటే ఒక కిలో అల్యూమినియం కొత్తగా తీయాలంటే పద్నాలుగు యూనిట్ల దాకా కరెంటు కాలుతుంది. మామూలు ఇంట్లో రెండు మూడు రోజులకు సరిపోయే కరెంటది. పాత గిన్నెను కరిగించి మళ్లీ వాడుకుంటే అందులో ఇరవయ్యో వంతు చాలు.

అల్యూమినియం తీసే రెండు పెద్ద కంపెనీలు నాల్కో, హిందాల్కోలలో ఏది మేలని అడిగేవాళ్లు సాధారణంగా షేరు ధర చూసి అడుగుతారు. నేను ఈ కరెంటు లెక్కలోంచి చూస్తాను. టన్నుల్లో చూస్తే దేశంలో పెద్దది వేదాంత. 2001లో ప్రభుత్వ కంపెనీ బాల్కోలో 51 శాతం వాటాను రూ.551.5 కోట్లకు కొని ఎదిగిన గుంపు అది. దాని కథ వేరే, ఇక్కడ పక్కన పెడదాం.

హిందాల్కో కరెంటు దగ్గర పుట్టింది. ఘనశ్యామ్ దాస్ బిర్లా 1958లో కంపెనీ పెట్టారు. అమెరికాకు చెందిన కైజర్ సాంకేతిక సాయంతో 1962లో ఉత్తరప్రదేశ్‌లోని రేణుకూట్‌లో ఉత్పత్తి మొదలైంది. పక్కనే రిహంద్ ఆనకట్ట, కాస్త అవతల సింగ్రౌలీ బొగ్గు. ఆ తర్వాత రేణుసాగర్‌లో సొంత కరెంటు ప్లాంటు కట్టుకున్నారు. అల్యూమినియానికి మూలమైన రాయి బాక్సైట్ మాత్రం లోహర్‌దగా వంటి దూరపు కొండల నుంచి రైల్లో రావాల్సిందే. పొయ్యి ఇంట్లో ఉంది, బియ్యం సంతలో ఉన్నాయన్నమాట.

నాల్కోది సరిగ్గా తిరగేసిన కథ. తూర్పు కనుమల్లో పెద్ద ఎత్తున బాక్సైట్ ఉందని 1970లలో తేలాక, కేంద్ర ప్రభుత్వం 1981 జనవరి 7న ఈ కంపెనీని పెట్టింది. సాంకేతికత ఫ్రాన్స్‌కు చెందిన పెషినేది. గని ఉన్నది కొరాపుట్ జిల్లా పంచపట్మలి కొండ మీద. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఆ ప్రాంతమంతా మన విశాఖ జిల్లాలోనే ఉండేది. ఇప్పటికీ విశాఖలో కిరండూల్ బండి ఎక్కి, అరకు దాటి ఇంకాస్త పోతే కొరాపుట్ వస్తుంది.

ఆ కొండ గురించి కాస్త చెప్పాలి. పైన బల్లపరుపుగా ఉంటుంది. సొరంగాలతో పని లేదు. పైమట్టి తీస్తే కింద బాక్సైట్ పొర. తవ్విన రాయి లారీల మీద ఘాట్ రోడ్డు దిగదు. 14.6 కిలోమీటర్ల పొడవున్న ఒకే కన్వేయర్ బెల్టు మీద, కొండల మీదుగా వంపులు తిరుగుతూ దామన్‌జోడి రిఫైనరీకి చేరుతుంది. అంతకంటే పెద్ద అదృష్టం ఆ రాయి గుణంలో ఉంది. ఇందులో జిబ్‌సైట్ అనే ఖనిజం ఎక్కువ. నీళ్లు మరిగే వేడికి కొంచెం పైన, మామూలు పీడనంలోనే కాస్టిక్ సోడాలో కరిగిపోతుంది. వేరే రకం బాక్సైట్‌నైతే ప్రెజర్ కుక్కర్‌లో పెట్టినట్టు రెండు వందల డిగ్రీలు దాటించి ఉడకబెట్టాలి. తక్కువ మంట, తక్కువ ఖర్చు. రాయికీ లోహానికీ మధ్య దశలో వచ్చే తెల్లటి పొడి అల్యూమినా. ప్రపంచంలో దాన్ని చౌకగా తీసే కంపెనీల్లో నాల్కో పేరు ముందుండటానికి సగం కారణం మేనేజ్‌మెంటు కాదు, కొండ.

మూడు టన్నుల రాయికి ఒక టన్ను అల్యూమినా, రెండు టన్నుల అల్యూమినాకు ఒక టన్ను లోహం. దామన్‌జోడి సామర్థ్యం ఏడాదికి 21 లక్షల టన్నులు. అల్యూమినాను లోహంగా మార్చే ఫ్యాక్టరీ, అంటే స్మెల్టర్, ఒడిశాలోనే అంగుల్‌లో ఉంది. అందులో 960 పాట్‌లు, అంటే కరెంటుతో లోహం తీసే తొట్లు, ఉన్నాయి. ఒక్కోటి రోజుకు 1,300 కిలోల లోహం ఇస్తే ఏడాదికి 4.6 లక్షల టన్నులు. వాటి కోసం పక్కనే 1,200 మెగావాట్ల సొంత కరెంటు ప్లాంటు. పాట్‌లో దాదాపు 960 డిగ్రీల వేడి మీద కరిగిన ద్రవం ఉంటుంది. కరెంటు కొన్ని గంటలు పోతే చాలు, ఆ ద్రవం రాయిలా గడ్డకడుతుంది. దాన్ని సుత్తులతో పగలగొట్టి మళ్లీ కట్టుకోవాలి. అందుకే బొగ్గు నిల్వ తగ్గిందంటే అక్కడ టెన్షన్.

లెక్కలో ఇంకా అల్యూమినా మిగిలింది, చూశారా? స్మెల్టర్ తినేది తొమ్మిది లక్షల టన్నుల దగ్గర. మిగతా పన్నెండు లక్షలు అమ్మకానికే. తెల్లటి పిండిలా రైలు వ్యాగన్లలో కొండ దిగి, విశాఖ రేవులో నాల్కోకున్న గాదెల్లో కూర్చుని, ఓడ ఎక్కిపోతుంది. అదే రేవులో దిగిన కాస్టిక్ సోడా కొండెక్కుతుంది.

ఇక్కడే చాలామంది నాల్కోను తిడతారు. ధాన్యం అమ్మి అన్నం కొనుక్కున్నట్టు, పిండి అమ్మేసి దేశం లోహం దిగుమతి చేసుకోవడమేమిటని. మాటలో కొంత న్యాయం ఉంది, కానీ పూర్తిగా కాదు. ఆ పన్నెండు లక్షల టన్నులను ఇక్కడే లోహం చేయాలంటే అంగుల్ లాంటి స్మెల్టర్ ఇంకోటి, దానికి మరో బొగ్గు కరెంటు ప్లాంటు కావాలి. యూరప్ ఇప్పుడు దిగుమతి అల్యూమినియం మీద కార్బన్ పన్ను వేస్తోంది. బొగ్గుతో తీసిన లోహానికి ముందు ముందు గిరాకీ ఎలా ఉంటుందో చూడాలి. పిండి అమ్ముకోవడం అంత తెలివితక్కువ పనేం కాదు.

డబ్బు చూద్దాం. 2024-25లో నాల్కో అమ్మకాలు రూ.16,788 కోట్లు, లాభం రూ.5,268 కోట్లు. హిందాల్కో అమ్మకాలు రూ.2,38,496 కోట్లు, లాభం రూ.16,002 కోట్లు. అంటే నూరు రూపాయల అమ్మకం మీద నాల్కోకు ముప్పై ఒకటి మిగిలితే, హిందాల్కోకు ఏడు కూడా మిగల్లేదు. ఈ ఒక్క వరుస చూపించి నాల్కోదే గెలుపు అనేవాళ్లున్నారు. అంతకు ముందు ఏడాది నాల్కో లాభం రెండు వేల కోట్ల దగ్గరే ఉందని వాళ్లు చెప్పరు. ఏడాదిలో రెండున్నర రెట్లు పెరగడానికి కొండ పెరగలేదు, బెల్టు పొడవూ పెరగలేదు. 2024 చివర్లో ప్రపంచ మార్కెట్లో అల్యూమినా టన్ను 800 డాలర్లదాకా పోయింది, అంతే. మరుసటి ఏడాది అందులో సగానికి పడింది. వర్షాధారపు సేద్యం లాంటిది: పండిన ఏడు పండగే, ఎండిన ఏడు ఆకాశం వైపు చూపు.

హిందాల్కో 2007లో చేసిన పని ఈ ఆకాశం వైపు చూపు తప్పించుకోవడానికే. దాదాపు 600 కోట్ల డాలర్లకు అమెరికాలోని అల్యూమినియం రేకుల కంపెనీ నొవెలిస్‌ను కొంది. అప్పట్లో అందరూ నోరెళ్లబెట్టారు. పైగా నొవెలిస్ కూల్‌డ్రింక్ డబ్బాల కంపెనీలతో లోహం ధరకు పైకప్పు పెట్టి ఒప్పందాలు చేసుకుని ఉంది. లోహం రేటు పెరిగితే నష్టం దానిదే. ఏడాది తిరగకుండా 2008 మాంద్యం. అయినా కంపెనీ నిలదొక్కుకుంది. ఇప్పుడు ఏటా 8 వేల కోట్లకు పైగా ఖాళీ డబ్బాలను కరిగించి మళ్లీ రేకు చేస్తోంది. మన పాత సామాన్లవాడి వ్యాపారమే, కాకపోతే ప్రపంచ స్థాయిలో. రేకు సాగదీసే కంపెనీకి లోహం ధరతో కాదు, సాగదీసిన కూలితో బతుకు. మార్జిన్ సన్నగా ఉంటుంది, ఏళ్ల తరబడి వస్తుంది. తప్పులూ లేకపోలేదు: అలబామాలో కడుతున్న కొత్త ఫ్యాక్టరీ ఖర్చు 250 కోట్ల డాలర్లనుకుంటే 400 కోట్లు దాటిపోయింది.

కొండ మీది మనుషుల సంగతి వస్తే ఇద్దరిలో ఎవరికీ మార్కులు వేయలేను. దామన్‌జోడి కోసం ఊళ్లు ఖాళీ అయ్యాయి. రాయగడ జిల్లాలో, ఇప్పుడు పూర్తిగా హిందాల్కో చేతిలో ఉన్న ఉత్కళ్ అల్యూమినా కోసం భూములు తీసుకునేటప్పుడు, 2000 డిసెంబర్ 16న మైకంచ్ ఊళ్లో పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసులు బలయ్యారు. అప్పుడా ప్రాజెక్టులో విదేశీ భాగస్వాములూ ఉన్నారు. ఇవాళ హిందాల్కోకు చౌకగా వచ్చే అల్యూమినా అక్కడిదే. అంటే బియ్యం సంతలో కొనుక్కునే కంపెనీ కూడా చివరికి మన తూర్పు కనుమలకే వచ్చింది.

నన్ను ఒకటే ఎంచుకోమంటే హిందాల్కోనే అంటాను. నాల్కో లాభం దొరికిన సొత్తు, హిందాల్కో లాభం కష్టపడి కట్టుకున్నది. ఏడు రూపాయలే అయినా రేపు కొండ అరిగినా వచ్చేవి. అయితే రెండేళ్లు, మూడేళ్ల లెక్క వేసుకునేవాడికి, అల్యూమినా ధర ఎక్కుతున్న రోజుల్లో, అప్పుల బరువు లేని నాల్కో మీద మనసు పోవడం సహజం. స్మెల్టర్ సామర్థ్యం పదిహేనేళ్లుగా 4.6 లక్షల టన్నుల దగ్గరే ఆగి ఉండటం మాత్రం నాకు మింగుడుపడదు. ఇంకో ఐదు లక్షల టన్నుల మాట వినబడుతూనే ఉంది. దానికి పెట్టే డబ్బులో కొంత పాత సిల్వర్ కరిగించే ఫ్యాక్టరీకి పెడితే నా ఓటు మారొచ్చు.