అలాస్కా 1002 ప్రాంతపు చమురు అంచనా పత్రం: సరుకు మంచిదే, చదవడంలోనే చిక్కు

ఆర్కిటిక్ జాతీయ వన్యప్రాణి ఆశ్రయంలో చమురు తవ్వాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ కూడా చూపించేది అమెరికా భూగర్భ సర్వే (యూఎస్‌జీఎస్) వారి ఈ చిన్న పత్రాన్నే. అంచనా 1998 నాటిది. ఉచితం.

ముందు హద్దులు చూసుకోవాలి. తీరంలోని 15 లక్షల ఎకరాల ఫెడరల్ భూమి, అంటే అసలు 1002 ప్రాంతంలో, వెలికితీయగల చమురు సగటున 770 కోట్ల బ్యారెళ్లు. అక్కడి ఆదివాసులైన ఇనుపియాట్ల భూములు, తీరం వెంబడి మూడు మైళ్ల రాష్ట్ర జలాలు కూడా కలిపితే 1,040 కోట్లు. టీవీ చర్చల్లో వినిపించేది ఈ రెండోదే, పేరు మాత్రం మొదటి ప్రాంతానిది. ఇంకో తిరకాసు: బ్యారెల్ 30 డాలర్లయితే 1002లో గిట్టుబాటయ్యేది 300 నుంచి 1,040 కోట్లని పత్రంలోనే ఉంది. అంకె ఒకటే, అర్థం వేరు. 13 డాలర్ల లోపైతే గిట్టుబాటయ్యేది సున్నా. ఇవన్నీ 1996 డాలర్లు; నేటి లెక్కకు సుమారు రెట్టింపు చేసుకోవాలి. పన్ను పోగా 12 శాతం రాబడి కూడా అందులో కలిపే ఉంది.

1002లో వెలికితీయగల చమురు కనీసం 430 కోట్ల బ్యారెళ్లు ఉండేందుకు 95 శాతం అవకాశం, కనీసం 1,180 కోట్లు ఉండేందుకు 5 శాతం. వేర్వేరు భాగాల 95 శాతం అంకెలను కూడితే మొత్తానికి 95 శాతం అంకె రాదు, కూడదగ్గవి సగటులే. పొరలు ముడత పడని పశ్చిమ భాగంలోనే 80 శాతానికి పైగా ఉందన్నది ఈ పత్రంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట. కంపెనీ అయినా, పర్యావరణవాది అయినా చూడాల్సింది అటే.

లోపం ఆధారంలో ఉంది. 1984, 85 శీతాకాలాల్లో తీసిన 2డీ సీస్మిక్ రేఖలనే (నేలలోకి కంపనాలు పంపి పొరలను గుర్తించే సర్వే) మళ్లీ శుద్ధి చేసి వాడారు. ఆశ్రయపు సరిహద్దుల్లో తవ్విన ఒకే ఒక్క బావి కేఐసీ-1 ఫలితాలు గోప్యం, పత్రం రాసినవాళ్లకూ అందలేదు. అందుకే అంచనా ఇంత వెడల్పుగా సాగింది. దాన్ని దాచకుండా చూపడం నిజాయితీ.

కారిబూ (అక్కడి జింకల) మందల గురించి, తవ్వకాలపై గ్విచిన్ ఆదివాసుల అభ్యంతరం గురించి ఇందులో వెతకొద్దు. కంపెనీల మనసు తెలియాలంటే ఇక్కడి చమురు లీజుల వేలం ఫలితాలు పక్కన పెట్టుకోండి: 2021 జనవరిలో వచ్చినవి దాదాపు 1.44 కోట్ల డాలర్లు, ఎక్కువ పాటలు రాష్ట్ర ప్రభుత్వ సంస్థవే. 2025 జనవరిలో ఒక్క పాటా రాలేదు.